ఓడ కూలీ ఒక్క పాటతో ఒపెరా గాయకుడైపోయాడా? బొరిస్ హ్మిర్యా మీద తిరుగుతున్న కథకు ఖండన

ఉక్రెయిన్ బాస్ గాయకుడు (మగ గొంతుల్లోకెల్లా మంద్రమైనదాన్ని ఒపెరాలో బాస్ అంటారు) బొరిస్ హ్మిర్యా గురించి ఒక కథ చేతులు మారుతూ తిరుగుతోంది. ఒక్కొక్కరు ఒక్కో ముక్క కలపడంతో అది ఇప్పుడు ఇలా తయారైంది: "నల్లసముద్రం ఓడల్లో బొగ్గు వేసే చదువురాని కూలీ. పనిచేస్తూ పాడుకుంటుంటే ఎవరో విని ఒపెరా వేదిక ఎక్కించారు. గురువు లేడు, సాధన లేదు, అంతా దేవుడిచ్చిన గొంతు. చలికి, వోద్కాకి, భారీ శరీరానికి పుట్టే అసలైన రష్యన్ బాస్. యుద్ధంలో నాజీల కొలువులో పాడాడు. చివరికి పిరికితనంతో షోస్టకోవిచ్ సింఫనీ పాడనని తప్పుకున్నాడు."

ఇందులో నిజం పాలు కొంత ఉంది. ఆయన ఓడల్లో పనిచేసిన మాట నిజం. యుద్ధకాలంలో ఆక్రమిత ప్రాంతంలో పాడిన మాట నిజం. సోవియట్ స్వరకర్త షోస్టకోవిచ్‌కి కాదన్న మాటా నిజం. కానీ ఆ మూడు నిజాల చుట్టూ అల్లినదంతా ఆయన బతుకుని తలకిందులు చేస్తోంది. అందుకే ఒక్కో ముక్కా విడదీసి చూద్దాం.

"చదువురాని కూలీ"

హ్మిర్యా 1903 ఆగస్టు 5న లెబెడిన్‌లో పుట్టాడు. ఆ ఊరు ఇప్పటి ఉక్రెయిన్‌లోని సూమి ప్రాంతంలో ఉంది. తండ్రి తాపీమేస్త్రి. చిన్నతనంలోనే పనికి వెళ్లాల్సి వచ్చింది. రేవులో మూటలు మోశాడు, నల్లసముద్రం సరుకు ఓడల్లో కొలిమి దగ్గర బొగ్గు వేశాడు. ఇంతవరకూ కథ సరే. అక్కడి నుంచి ఆయన వెళ్లింది ఒపెరాకి కాదు, చదువుకి. ఖార్కివ్‌లో సివిల్ ఇంజినీరింగ్ సంస్థలో చేరి 1935లో పట్టా పుచ్చుకున్నాడు. మరోపక్క ఖార్కివ్ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాడు. 1936లో, చదువు నడుస్తుండగానే ఖార్కివ్ ఒపెరాలో చేరాడు. సంగీత కళాశాల చదువు ముగిసింది 1939లో. అదే ఏడాది అఖిల సోవియట్ గాత్ర పోటీలో బహుమతి గెలిచి కీవ్ ఒపెరాకి వెళ్లాడు.

ఈ తేదీలను వరసలో పెడితే చాలు, "ఒక్క పాటతో" అన్న మాట నిలబడదు. ముప్పై దాటాక ఇంజినీరు, ముప్పై మూడేళ్ల ప్రాంతంలో వేదిక, ముప్పై ఆరుకి సంగీతం పట్టా. రేవుకీ రంగస్థలానికీ మధ్య రెండు కళాశాలలున్నాయి. ఇంజినీరు చదువుని కథలోంచి తీసేయడం నాకు అన్నిటికన్నా అన్యాయంగా తోస్తుంది. తాపీమేస్త్రి కొడుకు కట్టడాల ఇంజినీరయ్యాడంటే ఆ ఇంటికి అదెంత పెద్ద మెట్టో వేరే చెప్పాలా?

"గురువు లేడు, సాధన లేదు"

గురువు ఉన్నాడు. పేరు పావ్లో హోలుబెవ్. ఖార్కివ్‌లో గాత్రం నేర్పేవాడు, ఆ తర్వాత హ్మిర్యా మీద పుస్తకం కూడా రాశాడు. కాబట్టి ఈ ముక్కని ఒక్క మాటతో కొట్టేయవచ్చు. కానీ దీని వెనక ఉన్న అపోహ అంత తేలిగ్గా పోయేది కాదు. "లోతైన గొంతు పుట్టుకతో వస్తుంది, దానికి నేర్చుకునేదేముంది?" అని చాలామంది మనస్ఫూర్తిగా నమ్ముతారు. కాస్త మంద్రమైన గొంతున్న కుర్రాళ్లకి "నువ్వు ఊరికే నోరు తెరిస్తే చాలు" అని చెప్పేవాళ్లూ ఉన్నారు. అందుకని ఇక్కడ కొంచెం ఆగుదాం.

పుట్టుకతో వచ్చేదేమిటి? స్వరతంతువుల పొడవు, మందం, గొంతు గొట్టం పొడవు. తంతువులు పొడవుగా, మందంగా ఉంటే నెమ్మదిగా కదులుతాయి, స్థాయి కిందికి దిగుతుంది. అంతే. అది ముడిసరుకు.

ఒపెరా బాస్‌కి కావలసిన పరిధిని మన లెక్కలో చూస్తే విషయం తేలిపోతుంది. ఒకటి శ్రుతిలో పాడే మగవారి మధ్య షడ్జం సుమారు 131 హెర్ట్జ్, అంటే సెకనుకి 131 కంపనాలు. మొజార్ట్ ఒపెరాలో సరాస్ట్రో పాత్ర దిగే అడుగు స్వరం సుమారు 87 హెర్ట్జ్, అంటే ఆ శ్రుతికి మంద్ర శుద్ధ మధ్యమం. ఆయనదే మరో ఒపెరాలో ఓస్మిన్ ఇంకా కిందికి, 73 హెర్ట్జ్ దాకా వెళ్తాడు. అది మంద్ర చతుశ్రుతి రిషభం. ఇక్కడిదాకా వినగానే "చూశారా, లోతే గొప్ప" అంటారు. కానీ అదే బాస్ పైకి తార గాంధారం దాకా నిండుగా, అరవకుండా పాడాలి. ముసోర్గ్‌స్కీ ఒపెరాలో రష్యా జార్ బొరిస్ గొదునోవ్ పాత్ర అయితే తార మధ్యమాన్నీ తాకిస్తుంది, పైగా పాత్రలో ముఖ్యమైన ఘట్టాలన్నీ గొంతు పైభాగంలోనే నడుస్తాయి. హ్మిర్యాకి పేరు తెచ్చిన పాత్రల్లో అదొకటి. అడుగు స్వరాలు మాత్రమే ఉన్నవాడు ఆ పాత్రని మోయలేడు.

ఇక సాధన ఎలా ఉంటుందో చూద్దాం. బాస్ విద్యార్థికి మొదట చెప్పేది అడుగుకి దిగవద్దనే. పది పదిహేను నిమిషాలు గొంతు మధ్యభాగంలోనే, "ప మ గ రి స" లాంటి దిగే వరసలు, "ఊ"తోనూ "ఓ"తోనూ, సగం బలంతో. ఒక్కో అర స్వరం కిందికి జరుపుతూ, శబ్దం సన్నబడిన చోట ఆపేయాలి. అక్కడ కొత్తవాళ్లంతా చేసే తప్పొకటుంది: అడుగు స్వరం వినబడడం లేదని ఊపిరి బలంగా తోస్తారు. అడుగున తంతువులు వదులుగా ఉంటాయి. గాలి ఎక్కువైతే అవి ఒకదానికొకటి అంటుకోలేక విడిపోతాయి, శబ్దం పెరగకపోగా గరగరలోకి దిగిపోతుంది. అడుగున ఊపిరి తగ్గించాలి, అచ్చుని మరింత స్పష్టంగా పలకాలి.

రెండో తప్పు మరీ ప్రమాదం. గొంతు ముదురుగా వినిపించాలని నాలుక మొదలుతో స్వరపేటికని కిందికి నొక్కుతారు. పాడేవాడికి తన చెవిలో అది గంభీరంగా మోగుతుంది, పది వరసల అవతల ఉన్నవాడికి మూతపెట్టిన కుండలా వినబడుతుంది. పరీక్ష చాలా సులువు. బొటనవేలు గడ్డం కింద మెత్తటి భాగంలో ఆనించి "ఆ" అని పాడాలి. ఆ భాగం గట్టిపడి వేలిని కిందికి నెట్టిందంటే నాలుక నొక్కుతోందన్నమాట. ఏళ్ల తరబడి అలా పాడితే స్వరం వణకడం, శ్రుతి దిగిపోవడం, పై స్వరాలు ఒక్కొక్కటిగా పోవడం తప్పవు. ఆవలింత మొదలయ్యేటప్పుడు స్వరపేటిక తనంతట తాను ఎంత దిగుతుందో అంతే చాలు.

పైకి వెళ్లేటప్పుడు ఇంకో గండం. బాస్ గొంతుకి మధ్య నిషాదం దగ్గర మొదలై తార రిషభం, గాంధారం దాకా ఒక మలుపు ఉంటుంది. అక్కడ "ఆ"ని విప్పారినట్టే ఉంచి పైకి తోస్తే అది కేక అవుతుంది, స్వరపేటిక పైకి ఎగబాకుతుంది. "ఆ"ని కొద్దిగా "ఓ" వైపు గుండ్రం చేస్తూ దాటాలి. ఎక్కడ ఎంత గుండ్రం చేయాలన్నది గొంతుగొంతుకీ మారుతుంది. బయటినుంచి వినే గురువు చెవి లేకుండా ఇది కుదిరే పని కాదు, ఎందుకంటే పాడేవాడి తలలో మోగేది, బయటికి వెళ్లేది ఒకటి కావు. ఈ ఒక్క మలుపు కుదురుకోవడానికే ఏళ్లు పడుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, మైకు లేకుండా డెబ్భై ఎనభై మంది వాయిద్యకారుల మీదుగా వినబడడం. మన పౌరాణిక నాటకాల్లో మైకులు రాని రోజుల్లో పద్యం చివరి వరసదాకా చేరాలని నటులు హెచ్చు శ్రుతి పట్టేవారు. బాస్‌కి ఆ దారి లేదు. అతని ఆధారం వేరే. ఆర్కెస్ట్రా శబ్దం 500 హెర్ట్జ్ ప్రాంతంలో బాగా బలంగా ఉండి, పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. శిక్షణ పొందిన గాయకుడి గొంతులో 2,400 నుంచి 3,000 హెర్ట్జ్ మధ్య ప్రత్యేకమైన బలం పుడుతుంది. బాస్‌లకి అది ఆ పరిధిలో కిందివైపు ఉంటుంది. పాడే స్వరం 87 హెర్ట్జ్ అయినా, దాని అనుస్వరాలు (ఆ స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరాలు) అక్కడ గుమిగూడి ఆర్కెస్ట్రా సందులోంచి దూసుకువస్తాయి. స్వీడన్ శాస్త్రవేత్త యోహాన్ సుంద్‌బెర్గ్ దీన్ని లెక్కగట్టాడు. స్వరపేటికకి సరిగ్గా పైన ఉండే ఇరుకు గొట్టంతో పోలిస్తే, గొంతు వెనకభాగం అడ్డుకోత వైశాల్యం ఆరు రెట్లకు తగ్గకుండా విప్పారితేనే ఈ బలం పుడుతుంది. పుట్టుకతో ఏ గొంతూ ఈ కొలతల్లో నిలకడగా ఉండదు. అది నేర్చుకున్న పని.

బాస్ గొంతు అన్ని గొంతుల్లోకీ ఆలస్యంగా ముదురుతుంది. ఇరవైల్లో ఉన్న బాస్ చేత బొరిస్ గొదునోవ్ పాడించే గురువు ఆ కుర్రాడికి మేలు చేస్తున్నట్టు కాదు. అలా చూస్తే ముప్పై మూడో ఏట వేదికెక్కిన హ్మిర్యాది అద్భుతమేమీ కాదు. సరైన వయసులో, సరైన తయారీతో వచ్చాడు.

"చలి, వోద్కా, భారీ శరీరం"

చలి సంగతి రెండు ముక్కల్లో. ఎత్సియో పిన్జా రోమ్‌లో పుట్టాడు. శామ్యూల్ రేమీ అమెరికాలోని కన్సాస్ వాడు. క్వాంగ్‌చుల్ యూన్‌ది కొరియా. బొరిస్ క్రిస్తోఫ్, నికొలాయ్ గ్యౌరోవ్ బల్గేరియన్లు. వీళ్లంతా అగ్రశ్రేణి బాస్‌లే.

సారా, పొగ గురించి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీన్ని నమ్మి గొంతు పాడుచేసుకునేవాళ్లు ఉంటారు. ఏళ్ల తరబడి పొగతాగితే స్వరతంతువుల పైపొర కింద నీరు చేరి ఉబ్బుతాయి, అందువల్ల మాట స్థాయి నిజంగానే దిగుతుంది. కానీ ఉబ్బిన తంతువులు ఒక్క తీరుగా కదలవు. ముందు పై స్వరాలు పోతాయి, తర్వాత మెల్లగా పాడే శక్తి పోతుంది, చివరికి మిగిలేది బొంగురు. మద్యం గొంతు లోపలి తడిని ఆరబెట్టేస్తుంది, రక్తనాళాలని ఉబ్బిస్తుంది. ఆ స్థితిలో బలంగా పాడితే తంతువు మీద రక్తం చిమ్మే ప్రమాదముంది. శరీరం బరువుకీ స్వరతంతువుల పొడవుకీ సంబంధం లేదు.

"అసలైన రష్యన్ బాస్"

ఫ్యోదోర్ షల్యాపిన్ రష్యన్, కజాన్‌లో పుట్టాడు. ఆయన ఘనతని ఎవరూ కాదనరు. కానీ ఆ ఒక్క పేరు నీడలో ఉక్రెయిన్ గొంతులన్నిటికీ "రష్యన్" ముద్ర వేయడం అలవాటైపోయింది. రష్యన్ స్వరకర్త గ్లింకా మొదటి ఒపెరాలో 1836లో సుసానిన్ పాత్ర పాడిన ఓసిప్ పెత్రోవ్ ఎక్కడివాడు? నాటి యెలిసవెత్‌గ్రాద్, నేటి ఉక్రెయిన్‌లోని క్రొపివ్నిత్స్కీలో పుట్టాడు. రష్యన్ ఒపెరా బాస్ సంప్రదాయానికి మూలపురుషుడని చెప్పుకునేది ఆయననే. 1863లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో తన ఉక్రెయిన్ ఒపెరాని తానే రాసి, కరాస్ పాత్ర తానే పాడిన సెమెన్ హులాక్-అర్తెమోవ్‌స్కీ హొరొదిష్చే వాడు. అదే కరాస్‌ని ఇరవయ్యో శతాబ్దంలో ఇంటింటికీ తెలిసేలా చేసింది ఇవాన్ పతోర్జిన్‌స్కీ. న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో పాడిన అలెగ్జాండర్ కిప్నిస్ జితోమిర్‌లో, తన తొంభయ్యో పుట్టినరోజున 1985లో మాస్కో బొల్షోయ్ వేదిక మీద చైకోవ్‌స్కీ ఒపెరాలోని గ్రెమిన్ పాత్ర పాడిన మార్క్ రైజెన్ దొనెత్స్క్ ప్రాంతపు పల్లెలో పుట్టారు. ఇద్దరూ ఉక్రెయిన్ యూదు కుటుంబాల పిల్లలు. 1993లో క్లౌదియో అబ్బాదో ఆర్కెస్ట్రాని నడిపిన గొదునోవ్ రికార్డులో ప్రధాన పాత్ర అనతోలీ కొచెర్గాది, ఆయనది విన్నిత్స్యా ప్రాంతం.

హ్మిర్యా విషయంలో ఇంకో సంగతి. కీవ్ ఒపెరాలో 1926 నుంచి బయటి ఒపెరాలని కూడా ఉక్రెయిన్ భాషలోకి మార్చి పాడేవారు. ఆయన అక్కడ చేరింది 1939లో, అంటే ఆ పద్ధతి స్థిరపడ్డాకే. దాన్కెవిచ్ ఉక్రెయిన్ ఒపెరా "బొహ్దాన్ ఖ్మెల్నిత్స్కీ"లో క్రివోనిస్ ఆయనకి ఎంతో పేరు తెచ్చిన పాత్ర. రష్యన్ పాటలు ఆయన గొప్పగా పాడాడు, నిజమే. షూబర్ట్ జర్మన్ పాటలూ అంతే ప్రేమగా పాడాడు. అంతమాత్రాన జర్మన్ బాస్ అనం కదా.

"నాజీల కొలువులో"

జర్మన్ ఆక్రమణ కాలంలో హ్మిర్యా పొల్తావాలో ఉండిపోయాడు, అక్కడి థియేటర్లో పాడాడు. దీన్ని దాచాల్సిన పని లేదు. ఆక్రమణలో ఉన్న ఊళ్లలో లక్షలాది మంది ఏ పని తెలిస్తే ఆ పని చేసుకుని బతికారు. నటులకి, గాయకులకి తెలిసిన పని వేదిక. "కొలువు" అంటే పదవి, జీతం, విధేయత అన్న అర్థం వస్తుంది. పొల్తావా థియేటర్లో పాడడాన్ని ఆ మాటతో చెప్పడం తప్పు.

అవతలి వైపు పరిస్థితీ చూడాలి. హ్మిర్యాకి ముందు కీవ్ ఒపెరాలో పెద్ద బాస్ మిఖైలో దొనెత్స్. ఆయన్ని 1941 జులైలో, జర్మన్లు కీవ్ చేరకముందే, సోవియట్ పోలీసులే అరెస్టు చేశారు. ఆ ఏడాదే చంపేశారు. ఇటు పోతే అది, అటు ఉంటే ఇది. ఈ మధ్యలో ఇరుక్కున్న గాయకుడి మీద ఇంతకాలం తర్వాత ఒక్క మాటలో తీర్పు రాసేయడం న్యాయం కాదు.

సోవియట్ ప్రభుత్వం తిరిగొచ్చాక ఆయన కీవ్ ఒపెరాలోనే కొనసాగాడు. 1951లో సోవియట్ ప్రజా కళాకారుడి బిరుదు, 1952లో స్టాలిన్ బహుమతి ఇచ్చారు. కానీ నాటి ఉద్యోగ పత్రాల్లో "ఆక్రమిత ప్రాంతంలో ఉన్నారా?" అన్న ప్రశ్న ఉండేది. ఆ ప్రశ్నకి "అవును" అని రాయాల్సిన మనిషి బతుకు ఎప్పుడూ ఒక దారం మీద వేలాడేది. తర్వాతి ముక్క అర్థం కావాలంటే ఇది గుర్తుండాలి.

"పిరికితనంతో తప్పుకున్నాడు"

షోస్టకోవిచ్‌కి హ్మిర్యా గొంతంటే చాలా ఇష్టం. దొల్మతోవ్‌స్కీ కవితలకి 1954లో కట్టిన ఐదు పాటలని తొలిసారి పాడింది హ్మిర్యానే. 1962లో పదమూడో సింఫనీ రాస్తూ కూడా షోస్టకోవిచ్ మొదట అడిగింది ఆయననే. ఒక బాస్ గాయకుడు, బాస్‌లతోనే కూడిన బృందం, ఆర్కెస్ట్రా, అయిదు భాగాలు. మొదటి భాగం యెవ్‌తుషెంకో కవిత "బాబి యార్". 1941 సెప్టెంబర్ 29, 30 తేదీల్లో కీవ్ శివార్లలోని ఆ లోయలో నాజీలు 33,771 మంది యూదులని కాల్చి చంపారు. అక్కడ స్మారకం కూడా లేదని ఆ కవిత సోవియట్ ప్రభుత్వాన్ని నిలదీసింది.

ఆ వేసవిలో షోస్టకోవిచ్ స్వయంగా కీవ్ వెళ్లి పాటని చూపించాడు. హ్మిర్యా ఉక్రెయిన్ పార్టీ పెద్దలతో మాట్లాడాడు. వాళ్లు ఆ కవిత పాడడానికి వీల్లేదని తేల్చేశారు. అదే సంగతి రాసి, పాడలేనని షోస్టకోవిచ్‌కి ఉత్తరం పంపాడు. భయపడ్డాడా? భయపడే ఉంటాడు. కానీ ఆ ఒక్కడి భయాన్నే పట్టుకుని మిగతావారిని వదిలేయడం ఈ కథలో పెద్ద లోపం. షోస్టకోవిచ్ సింఫనీలని ఏళ్లుగా నడిపించిన మ్రావిన్‌స్కీ కూడా దీన్ని నడపలేదు. తర్వాత ఒప్పుకున్న నెచిపైలో అనే గాయకుడు చివరి క్షణంలో రాలేకపోయాడు. 1962 డిసెంబర్ 18న మాస్కోలో కొంద్రాషిన్ ఆర్కెస్ట్రాని నడపగా పాడింది వితాలీ గ్రొమాద్‌స్కీ. ఆ తర్వాతి ప్రదర్శనలకి కవితలో కొన్ని పంక్తులు మార్పించారు. మాస్కోలోనే ఇంత ఒత్తిడి ఉంటే, బాబి యార్ ఉన్న కీవ్‌లోనే బతుకుతూ, పాత పత్రాల్లో "ఆక్రమిత ప్రాంతం" అన్న గీత ఉన్న మనిషి మీద ఎంత ఉండాలి? ఆయన పాడి ఉంటే బాగుండేదని నేనూ అనుకుంటాను. పిరికివాడన్న మాట మాత్రం ఒప్పుకోను.

"ఈ వీడియోలో వినండి, ఎంత లోతో"

ఈ కథతో పాటు పాట తునకలు కూడా తిరుగుతుంటాయి. వాటిలో కొన్ని వేగం తగ్గించినవి. వేగం ఆరు శాతం తగ్గితే శ్రుతి అర స్వరం పడిపోతుంది, పదకొండు శాతం దాకా తగ్గితే పూర్తి స్వరం. నిమిషానికి 78 చుట్లు తిరగాల్సిన పాత రికార్డుని 73 దగ్గర తిప్పి ఎక్కించినా ఇదే జరుగుతుంది. గొంతు లోతుగా వినబడుతుంది, దానితోపాటు అచ్చులు మొద్దుబారతాయి, కంపితం బద్ధకంగా ఊగుతుంది.

పట్టుకోవడం కష్టం కాదు. చైకోవ్‌స్కీ "యెవ్‌గెనీ ఒనేగిన్"లో గ్రెమిన్ పాట జి-ఫ్లాట్ మేజర్ శ్రుతిలో ఉంటుంది, చివరివైపు గాయకుడు దిగే జి-ఫ్లాట్ సుమారు 92 హెర్ట్జ్. ఫోన్‌లో ఏ ట్యూనర్ యాప్ అయినా తెరిచి, గాయకుడి మీద కాకుండా ఆర్కెస్ట్రా నిలిపే చివరి స్వరం మీద చూడాలి, ఎందుకంటే అడుగు స్వరాల దగ్గర యాప్‌లు తరచూ ఒక స్థాయి తప్పు చూపిస్తాయి. జి-ఫ్లాట్ బదులు దానికి అర స్వరం కింద ఉండే ఎఫ్ చూపిస్తే ఆ తునక నెమ్మది చేసినది.

1957లో ఒపెరా వదిలాక హ్మిర్యా 1969 ఆగస్టు 1న చనిపోయేదాకా కచేరీ గాయకుడిగానే ఉన్నాడు. పియానో ఒక్కటే తోడుగా పాడిన ఆ పాటల్లోనే ఆయన పని స్పష్టంగా వినబడుతుంది. వెతికేటప్పుడు "గ్మిర్యా" అని కూడా వెతకాలి, సోవియట్ కాలపు రికార్డులు ఎక్కువగా ఆ పేరుతోనే ఉన్నాయి. అడుగు స్వరాల కోసం ఎదురుచూడకుండా, పైనుంచి కిందికి దిగే వరసల్లో అచ్చు ఎక్కడైనా రంగు మారుతుందేమో గమనించండి. మారదు. హోలుబెవ్ దగ్గర నేర్చుకున్నది అదే.